గిల్లి కొలిచే ప్రాజెక్టు: లిఫ్టర్లూ, మా డిగ్రీ కుర్రాళ్లూ

జూలై, రెండో వారం

ఎంపీఈడీ (వ్యాయామ విద్యలో పీజీ) ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి టాపిక్ ఖాయమైంది. విజయనగరం చుట్టుపక్కల వెయిట్‌లిఫ్టింగ్ ప్రాక్టీస్ చేసేవాళ్లు ఒక గుంపు, అవే ఊళ్ల నుంచి డిగ్రీ కాలేజీకి వచ్చి ఏ ఆటా ఆడనివాళ్లు ఇంకో గుంపు. వీళ్ల ఒంట్లో కొవ్వెంత, కండెంత, తేడా అసలు ఎక్కడుంది అన్నది చూడాలి. లిఫ్టర్లనే ఎందుకంటే, మా వైపు వాళ్లకి కొదవ లేదు కాబట్టి. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ పేరు ఈ ఆటలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. పక్కనే శ్రీకాకుళం జిల్లా, ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కేజీల విభాగంలో మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆ తర్వాత మా దగ్గర ఇంటికొక బార్‌బెల్ అన్నంత మాట కాకపోయినా, రాడ్డు పట్టుకున్న పిల్ల కనిపిస్తే ఎవరూ వింతగా చూడరు.

నేను కొలిచే హాలు పేరు రాయను. పిల్లల ఒంటి లెక్కలు కదా, ఎవరివో తెలిసిపోకూడదు.

మా గైడు మాస్టారు మొదటి రోజే ఒక ప్రశ్న వేసి పంపించారు. "ఏ ఆటా ఆడని కుర్రాడు అంటే ఎవడ్రా?" అడిగినప్పుడు ఇదేం ప్రశ్న అనిపించింది, కాలేజీకి వెళ్లి ఫారాలు పంచాక తెలిసింది. సగం మంది కుర్రాళ్లు తెల్లారకుండానే గ్రౌండ్‌లో ఉంటున్నారు, ఒకడికి అగ్నివీర్ ర్యాలీ, ఇంకొకడికి కానిస్టేబుల్ ఈవెంట్స్, 1600 మీటర్లు 8 నిమిషాల్లో కొట్టాలి. వీళ్లు ఏ టీములోనూ లేరు, కానీ వీళ్లని 'మామూలు విద్యార్థులు' అని ఎలా రాస్తాం? ఇంకొందరు సెలవుల్లో రైస్ మిల్లులో బస్తాలు మోస్తారు, పెళ్లిళ్ల సీజన్లో కేటరింగ్‌కి వెళ్తారు. అందుకని ఫారంలో 'మీరు ఆటలు ఆడతారా' అన్న ప్రశ్న కొట్టేసి, గడిచిన మూడు నెలల్లో వారానికి ఎన్ని రోజులు చెమట పట్టేలా పరుగు, బరువు, కూలి పని చేశారు అని మార్చాను. వారానికి ఒక రోజుకి మించితే ఈ గుంపులోకి తీసుకోను. దీనితో గుంపు పలచబడింది, పడితే పడింది.

జూలై ఆఖరు

సామాన్లు. గోడకి అంటించిన ఎత్తు స్కేలు, బరువు మిషను, సాగని టేపు, స్కిన్‌ఫోల్డ్ కాలిపర్ (చర్మాన్ని మడతలా పట్టుకుని దాని మందం కొలిచే పనిముట్టు). కాలిపర్ మా డిపార్ట్‌మెంట్‌దే, హార్పెండెన్ రకం, 0.2 మిల్లీమీటర్ల దాకా చదవచ్చు. బయట ప్లాస్టిక్‌వి చవగ్గా దొరుకుతాయి గాని వాటి స్ప్రింగు మీద నమ్మకం లేదు. దవడలు ఎంత తెరిచినా చర్మం మీద ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకి 10 గ్రాములే ఉండాలి, కాలిపర్‌కి డబ్బులు పెట్టేది అందుకే.

బరువు మిషను సరిగ్గా ఉందో లేదో ఎలా చూడాలి అని తల పట్టుకోనక్కర్లేకపోయింది, మేమున్నది లిఫ్టింగ్ హాల్లోనే కదా. పోటీలకి వాడే డిస్కులు తూకంలో చాలా కచ్చితంగా ఉండాలి, నిబంధనల ప్రకారం వెయ్యికి ఒక వంతు కన్నా ఎక్కువ తేడా రాకూడదు. ఎర్రది 25, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. కోచ్ గారిని అడిగి మిషను మీద ఒక్కొక్కటే పేర్చుకుంటూ 90 దాకా వెళ్లాను. ప్రాక్టీస్‌కి వాడి వాడి అంచులు చెక్కుకుపోయిన డిస్కులు ముట్టుకోలేదు. ఇక ప్రతి సెషన్‌కీ ముందు ఇదే పని.

ఆగస్టు, మొదటి వారం

చేతికి అలవాటయ్యేదాకా ఎవరి కొలతా నోట్‌బుక్‌లో ఎక్కకూడదు అన్నది మాస్టారి షరతు. కాబట్టి హాస్టల్లో రూమ్మేట్ల మీద పడ్డాను.

పని చూడ్డానికి గిల్లడమే. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలుతో చర్మాన్నీ దాని కింద కొవ్వునీ కలిపి మడతలాగా పైకి లాగాలి, కండని వదిలేయాలి. కండ కూడా వచ్చిందేమో అని అనుమానమొస్తే చెయ్యి బిగించమంటే చాలు, కండయితే వేళ్లలోంచి జారిపోతుంది. వేళ్లకి ఒక సెంటీమీటరు అవతల కాలిపర్ దవడలు పెట్టి, ట్రిగ్గర్ మీద నుంచి వేలు పూర్తిగా తీసేసి, రెండు సెకన్లకి ముల్లు చదవాలి. ఇంకా ఆగితే మడత నలిగి ముల్లు నెమ్మదిగా దిగుతూనే ఉంటుంది. ఏ నంబర్ రాయాలో తెలియక పిచ్చెక్కుతుంది, అందుకే రెండు సెకన్ల నియమం. అన్నీ కుడివైపే. చోట్లు నాలుగు: జబ్బ ముందు, జబ్బ వెనక, రెక్క ఎముక కింద, నడుము పక్కన తుంటి ఎముక పైన. జబ్బకైతే భుజం కొన నుంచి మోచెయ్యి దాకా టేపుతో కొలిచి సరిగ్గా మధ్యలో పెన్నుతో గుర్తు పెట్టాలి. ఒక సెంటీమీటరు పైకో కిందకో జరిగినా లెక్క మారిపోతుంది. ఒకే చోట వెంటవెంటనే రెండుసార్లు గిల్లకూడదు, నాలుగు చోట్లూ ఒక రౌండు తిరిగొచ్చి మళ్లీ మొదలుపెట్టాలి, అప్పటికి మడత మామూలుగా అవుతుంది, పైగా మొదటి అంకె మన బుర్రలోంచి పోతుంది. ఈ రెండోదే ముఖ్యం అనుకుంటాను.

రెండు రౌండ్ల తేడాతో నా చేతి తప్పెంతో తేలుతుంది. ఒక్కో మనిషి దగ్గర వచ్చిన తేడాని వర్గం చేసి, అన్నీ కూడి, మనుషుల సంఖ్యకి రెట్టింపుతో భాగించి వర్గమూలం తీయడమే. అది సగటు కొలతలో 5 శాతం దాటితే హాలుకి వెళ్లొద్దన్నారు మాస్టారు. జబ్బ వెనక తొందరగానే దారికొచ్చింది. నడుము పక్క మాత్రం చాలా ఏడిపించింది.

ఆగస్టు, మూడో వారం

హాల్లో మొదటి సెషన్. పొద్దున్నే, ప్రాక్టీస్‌కి ముందే. ప్రాక్టీస్ అయ్యాక కొలిస్తే చెమటకి వేళ్లు జారతాయి, వేడికి చర్మంలోకి రక్తం ఎక్కి మడత లావెక్కుతుంది.

మొదట నిలబడ్డ కుర్రాడు నేను రెక్క కింద పట్టుకోగానే మెలికలు తిరిగిపోయి, "ఏటన్నా, కొలత్తానని సెప్పి గిల్లుతున్నావేటి" అన్నాడు. హాలంతా నవ్వు. కోచ్ గారు ఒక్క చూపు చూసేసరికి మళ్లీ సైలెంటు.

వీళ్ల దగ్గర నాకెదురైన ఇబ్బంది వేరే. మడతే లేవదు. జబ్బ ముందు చర్మం కండకి అంటుకుపోయి ఉంటుంది, పట్టుకుంటే రెండు పొరల చర్మం తప్ప మధ్యలో ఏమీ లేనట్టుంటుంది. వీళ్లంతా చూడ్డానికి పొట్టిగా, అడ్డంగా, బరువుగా ఉంటారు. ఎత్తూ బరువూ కట్టి బీఎంఐ (కేజీల బరువుని మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) చూస్తే, మన భారతీయులకి పెట్టుకున్న గీత ప్రకారం 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కాబట్టి, లిఫ్టర్లలో చాలామంది ఊబకాయం కిందికి వచ్చేస్తారు. కాలేజీలో హెల్త్ క్యాంపు పెడితే వీళ్లకే ముందు చీటీ రాసి 'నూనె తగ్గించండి' అంటారు.

ఇది పాత గొడవే. 1942లో అమెరికా నౌకాదళంలో డాక్టర్ ఆల్బర్ట్ బెంకే, ఆయన సహచరుడు కలిసి 25 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లని పరీక్షించారు (అమెరికా ఫుట్‌బాల్, బంతి చేత్తో పట్టుకుని గుద్దుకునే ఆట). ఎత్తు-బరువు పట్టిక ప్రకారం వాళ్లలో 17 మంది సైన్యానికి పనికిరారు, బరువెక్కువ. నీళ్లలో ముంచి తూచి చూస్తే ఆ 17 మందిలో ఎక్కువమంది ఒంట్లో కొవ్వు తక్కువే, బరువంతా కండది. బీఎంఐ సూత్రమేమో అంతకన్నా పాతది, 1830ల్లో బెల్జియం గణిత పండితుడు కెత్లే జనాభా సగటుల కోసం వేసిన లెక్క. ఒక్క మనిషి ఒంట్లో ఏముందో చెప్పడానికి దాన్ని తయారు చెయ్యలేదు.

ఆగస్టు ఆఖరు

ఇద్దరి లెక్కలు పక్కపక్కన పెట్టి చూశాను. ఇద్దరికీ 20 ఏళ్లు, ఇద్దరి ఎత్తూ 165 సెంటీమీటర్లే కాబట్టి పోల్చడం తేలిక.

లిఫ్టర్ 74 కేజీలు, బీఎంఐ 27.2. విద్యార్థి 60 కేజీలు, బీఎంఐ 22, పట్టిక ప్రకారం నిక్షేపంలాంటి ఆరోగ్యం. మడతలు: లిఫ్టర్‌కి జబ్బ ముందు 3.6, వెనక 7, రెక్క కింద 11, నడుము పక్క 8.4, మొత్తం 30 మిల్లీమీటర్లు. విద్యార్థికి అదే వరసలో 5.4, 13.2, 19, 24.4, మొత్తం 62.

వీటిని శాతంలోకి మార్చాలంటే రెండు మెట్లు ఎక్కాలి. మొదటిది డర్నిన్, వొమర్స్‌లీ 1974లో ఇచ్చిన సమీకరణం, మడతల మొత్తానికి లాగరిథం తీసి దాన్నుంచి శరీర సాంద్రత రాబట్టడం. రెండోది సిరి సూత్రం, 495ని ఆ సాంద్రతతో భాగించి 450 తీసేయడం. (ఈ సిరి 1963లో అమెరికా వాళ్ల ఎవరెస్టు యాత్రకి ఉపనాయకుడు కూడా. ల్యాబులో కూర్చునే మనిషి కాదన్నమాట.) కడితే లిఫ్టర్‌కి 12.7 శాతం కొవ్వు, విద్యార్థికి 21.5 వచ్చింది.

అంటే 14 కేజీలు బరువెక్కువ ఉన్నవాడి ఒంట్లో కొవ్వు 9.4 కేజీలు, బక్కగా కనిపించేవాడి ఒంట్లో 12.9. కొవ్వు తీసేస్తే ఒకడికి 64.6, ఇంకొకడికి 47.1. నేను ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు తేడా అంతా కొవ్వులో ఉంటుందనుకున్నాను, ఇక్కడ చూస్తే కొవ్వులో మూడున్నర కేజీలు, కండ-ఎముక-నీరు వైపు పదిహేడున్నర కేజీలు. కొవ్వు లేని బరువుని ఎత్తు వర్గంతో భాగిస్తే ఒకరికి 23.7, ఇంకొకరికి 17.3. ఇద్దరి మధ్యా అసలు దూరం ఇదీ.

ఇంకోటి, ఆ విద్యార్థి మడతలు మళ్లీ చూడండి. జబ్బ ముందు ఇద్దరికీ తేడా 1.8 మిల్లీమీటర్లు మాత్రమే, నడుము పక్క 16. చొక్కా వేసుకుంటే చేతులు సన్నగా కనిపిస్తాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు, కొవ్వంతా నడుము దగ్గర కూర్చుంది. మన దేశపు మనుషుల్లో ఇది మామూలే అని పుణె కేఈఎం ఆసుపత్రి డాక్టర్ యాజ్ఞిక్ చాలా ఏళ్లుగా చెబుతున్నారు. 2004లో ఆయనా, లండన్ డాక్టర్ జాన్ యడ్కిన్ కలిసి తమ ఇద్దరి ఫొటో వేసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పేజీ రాశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. స్కాన్‌లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. యడ్కిన్ మారథాన్‌లు పరిగెత్తే మనిషి, యాజ్ఞిక్ వ్యాయామం ఆసుపత్రి లిఫ్ట్ తలుపులు మూసుకోకముందు పరిగెత్తడమేనట. జాతి వల్ల ఎంత, పరుగు వల్ల ఎంత, పుట్టినప్పటి తిండి వల్ల ఎంత అన్నది ఆ ఫొటో ఒక్కటే చెప్పదు గాని, నా ప్రాజెక్టుకి ముందుమాటలో వేసుకోవాల్సిన బొమ్మ అదే.

సెప్టెంబరు, రెండో వారం

ఊళ్లో ఒక జిమ్ వాళ్లు తమ దగ్గర నిలబడితే చాలు శాతం చెప్పే మిషనుంది, ఈ గిల్లుడంతా ఎందుకన్నారు. సరే అని నలుగురు లిఫ్టర్లని తీసుకెళ్లాను.

ఆ మిషన్ల పద్ధతి తెలిసిందే, పాదాల్లోంచి మనకి తెలియనంత సన్నని కరెంటు పంపిస్తాయి. కొవ్వు లేని భాగంలో ఇంచుమించు 73 శాతం నీరే కాబట్టి కరెంటు తేలిగ్గా పోతుంది, కొవ్వులో నీరు తక్కువ, అడ్డం పడుతుంది. ఆ అడ్డుని బట్టి ఒంట్లో నీరెంత, దాన్ని బట్టి కండెంత, మిగిలింది కొవ్వు. కొలిచేది ఒక్కటే, మిగతా రెండూ ఊహ. అందులో 'అథ్లెట్' అని ఒక బటన్ ఉంది. అది నొక్కి ఒకసారి, నొక్కకుండా ఒకసారి నిలబెట్టాను. అదే కుర్రాడు, అదే నిమిషం, అవే పాదాలు. స్లిప్పు మీద కొవ్వు శాతం మారిపోయింది! బటన్ నొక్కితే లోపల సమీకరణం మారుతుంది, అంతే. మనిషి అథ్లెట్టో కాదో మిషను కనిపెట్టడం లేదు, మనమే దానికి చెబుతున్నాం. అథ్లెట్లకీ మామూలువాళ్లకీ తేడా ఎంత అని వెతుకుతున్న ప్రాజెక్టుకి, తేడాని ముందే లోపల పెట్టుకున్న మిషను ఎందుకు పనికొస్తుంది? జిమ్ ఆయన మాత్రం చాలా నొచ్చుకున్నారు.

పైగా లిఫ్టర్లకి నీటితో వేరే చెలగాటం ఉంది. పోటీ మొదలవడానికి రెండు గంటల ముందు బరువు తూస్తారు, ఆ విభాగంలో పట్టడానికి ముందు రోజు నుంచి నీళ్లు మానేసేవాళ్లు, రగ్గు కప్పుకుని చెమట పట్టించేవాళ్లు ఉంటారు. తూకం అవగానే గ్లూకోజు నీళ్లు, అరటిపళ్లు. ఆ మధ్యలో మిషనెక్కితే అది ఏ అంకె చూపించినా ఆశ్చర్యం లేదు. మామూలు రోజుల్లో కూడా, కండలో దాచుకునే ప్రతి గ్రాము గ్లైకోజన్‌తో (నిల్వ ఉండే పిండిపదార్థం) పాటు మూడు గ్రాముల దాకా నీరుంటుంది. పొద్దున్నే చెంబెడు చోడి అంబలి తాగొచ్చినవాడి అంకె ఒకటి, ఖాళీ కడుపుతో వచ్చినవాడిది ఇంకొకటి.

సెప్టెంబరు ఆఖరు

అమ్మాయిల సెషన్లు మొదలయ్యాయి. కొలిచేది మా బ్యాచ్‌మేట్, నేను తెర ఇవతల కూర్చుని అంకెలు రాస్తాను. ఆవిడ చేతి తప్పు కూడా విడిగా కట్టాం, ఆవిడది నా కన్నా తక్కువే వచ్చింది.

ఇక్కడ ఒక నియమం గట్టిగా పెట్టుకున్నాం, అంకెలు పైకి చదవకూడదు. కొలిచి కాగితం మీద రాసి తెర కింద నుంచి ఇస్తుంది. కుర్రాళ్లు 'నాదెంత, వాడిదెంత' అని పందేలు వేసుకున్నా పర్వాలేదనుకున్నాం గాని, అమ్మాయిల దగ్గర ఆ టెన్షన్ వేరు. ఆడవాళ్ల ఒంట్లో ఉండి తీరాల్సిన కొవ్వే దాదాపు 12 శాతం అని బెంకే లెక్క, మగవాళ్లకి అది 3. ఒక లిఫ్టర్ అమ్మాయి 'నా శాతం మా అన్న కన్నా ఎందుకెక్కువ, తిండి మానెయ్యాలా' అని అడిగితే మా బ్యాచ్‌మేట్ పెన్ను పక్కన పెట్టి చాలాసేపు చెప్పాల్సి వచ్చింది. బరువు విభాగాల ఆటల్లో తిండి తగ్గించి ప్రాక్టీస్ పెంచితే నెలసరి ఆగిపోవడం, ఎముకలు బోలుబోలుగా అవడం బాగా తెలిసిన ప్రమాదం, 2014లో ఒలింపిక్ కమిటీ దీనికి ఒక పేరు కూడా పెట్టింది. నెలసరి గురించి ఫారంలో ఒక ప్రశ్న ఉంది, జవాబు తప్పనిసరి కాదు, ఆ కాగితం నేను చూడను.

అక్టోబరు, మొదటి వారం

పట్టికలో ఏం వెయ్యాలి అన్న దాని మీద మాస్టారితో పెద్ద చర్చ. నాకైతే శాతాల కాలమ్ మీద మోజు పోయింది. డర్నిన్ వాళ్ల సమీకరణం గ్లాస్గోలో కొలిచిన 481 మంది మీద కట్టింది, వాళ్ల దగ్గరే ఒక్కో మనిషికి 3 నుంచి 5 శాతం దాకా అటూ ఇటూ అవ్వచ్చు. సిరి సూత్రం కొవ్వు లేని భాగం సాంద్రత అందరికీ 1.1 అనుకుంటుంది. పదేళ్లుగా బరువులెత్తి ఎముక గట్టిపడ్డవాడికీ, ఎప్పుడూ ఎత్తనివాడికీ అది ఒకటేనా? నా పై ఉదాహరణలో తేడా తొమ్మిది శాతం దాకా ఉంది కాబట్టి నిలబడుతుంది. కానీ ఒక లిఫ్టర్‌కి 12.7, పక్కవాడికి 11.2 అని రాసి రెండోవాడు మెరుగు అనడం శుద్ధ అబద్ధం.

అదే మిల్లీమీటర్లయితే నేను నా వేళ్లతో పట్టుకుని కొలిచినవి. 30 అంటే 30, 62 అంటే 62, మధ్యలో గ్లాస్గో లేదు. కండకి కూడా శాతం లేకుండా ఒక దారి ఉంది. జబ్బ చుట్టుకొలత తీసుకుని, జబ్బ వెనక మడతని సెంటీమీటర్లలో 3.14తో గుణించి తీసేయాలి. ఆ లిఫ్టర్‌కి 34 లోంచి 2.2 పోతే 31.8, విద్యార్థికి 27 లోంచి 4.1 పోతే 22.9. టేపుతో చూస్తే ఏడు సెంటీమీటర్ల తేడా, కొవ్వు తీసేసి చూస్తే దాదాపు తొమ్మిది. సమీకరణమూ లేదు, బటనూ లేదు.

మాస్టారు సగం ఒప్పుకున్నారు. వైవాకి వచ్చేవాళ్లు శాతమెక్కడ అని అడుగుతారు కాబట్టి ఆఖరి కాలమ్‌గా ఉంచి, ఏ సమీకరణమో, తప్పెంతో పక్కనే రాయమన్నారు. ముందు మడతల మొత్తం, తర్వాత చుట్టుకొలతలు, తర్వాత బరువు. బీఎంఐ కూడా ఉంటుంది, అది ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో చూపించడానికి.

ఇంకో మాట కూడా అన్నారాయన, అది ఇంకా బుర్రలో తిరుగుతోంది. "నువ్వు చూసిన తేడా ప్రాక్టీస్ వల్లే అని ఎలా రాస్తావు?" పొట్టి చేతులు, బలమైన తొడలు, పుట్టుకతో కొంచెం గట్టి ఒళ్లు ఉన్నవాళ్లనే కోచ్‌లు ఏరుకుంటారు. అలాంటి ఒళ్లు లేనివాళ్లు ఏడాది తిరక్కుండా మానేస్తారు. నేను కొలిచింది మానెయ్యనివాళ్లని. ఒక్కసారి కొలిచిన లెక్కతో రాడ్డు ఎంత చేసింది, పుట్టుక ఎంత చేసింది అన్నది విడదీయలేం. కాబట్టి ముగింపు అధ్యాయంలో 'ప్రాక్టీస్ వల్ల' అన్నచోటల్లా 'ప్రాక్టీస్ చేసేవాళ్లలో' అని మార్చుకుంటూ వస్తున్నాను. చదవడానికి చప్పగా ఉంది, ఉండనీ.

అక్టోబరు, మూడో వారం

హాల్లో కొత్త బ్యాచ్ చేరింది, ఎక్కువమంది ఇంటర్ పిల్లలు, ఖాళీ రాడ్డుతో స్నాచ్ (ఒక్క ఊపులో తల మీదకి ఎత్తడం) నేర్చుకుంటున్నారు. పద్దెనిమిది నిండనివాళ్లకి అమ్మానాన్నల సంతకం కావాలి, ఆ ఫారాలు ఇంటికి పంపించాం, సగం తిరిగొచ్చాయి. వచ్చినవాళ్లని ఇప్పుడే కొలిచి పెట్టుకుంటే, వేసవి పోటీలయ్యాక అవే చోట్ల, అదే కాలిపర్‌తో మళ్లీ కొలవచ్చు. అప్పటికి నా ప్రాజెక్టు సబ్మిట్ అయిపోయి ఉంటుంది, అందులో ఈ అంకెలు రావు. అయినా కోచ్ గారు ఒప్పుకున్నారు, మానేసిన పిల్లల్ని కూడా వెతికి పట్టుకుని రెండోసారి కొలవాలన్నది ఆయన పెట్టిన షరతే. శనివారం మొదటి విడత, డిస్కులతో మిషను సరిచూసుకోవాలి కాబట్టి అయిదుంపావుకే తాళం తీయమన్నాను.